పాకం వాసన

డాక్టర్ హైమవతి ముక్కు గురించి విశాఖపట్నం ఆస్పత్రుల్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. వార్డు గుమ్మంలో నిలబడి గాలి ఒకసారి పీల్చి, "ఆ మూడో మంచం ఆయనకి షుగరు చెయ్యి దాటుతోంది, చూడండి" అనేది. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేసరికి ఆ మాటే నిజమయ్యేది. కాలేయం పాడైన మనిషి ఊపిరి ఒకలా ఉంటుందని, పట్టిన క్రిమిని బట్టి ఒక్కో పుండు ఒక్కోలా వాసన వేస్తుందని జూనియర్లకు చెప్పేది. వాళ్లు ఎంత పీల్చినా ఫినాయిలు వాసన తప్ప మరేమీ తెలిసేది కాదు.

తర్వాత దూరవైద్య కేంద్రం వచ్చింది. కొండల్లోని చిన్న ఆస్పత్రుల్లో చావుబతుకుల్లో ఉన్న రోగులను విశాఖలోని ఒక హాల్లో కూర్చున్న పెద్ద డాక్టర్లు తెరల మీద చూస్తూ, అక్కడి డాక్టర్ల చేత వైద్యం చేయించే ఏర్పాటు అది. హైమవతిని దానికి పెద్దను చేశారు. వారం తిరక్కుండానే ఆమె విసుక్కుంది.

"కంటిపాప కనిపిస్తోంది, గుండె చప్పుడు వినిపిస్తోంది. ముక్కు మాత్రం ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టుంది నాకు."

అందరూ నవ్వి ఊరుకున్నారు. రెహానా ఊరుకోలేదు. ఆ కేంద్రంలో యంత్రాలన్నీ చూసుకునే ఇంజినీరు ఆమె. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. రెండేళ్లు తంటాలుపడి ఒక యంత్రం చేసి, దానికి 'ఘ్రాణి' అని పేరు పెట్టింది. రోగి పక్కన దోసకాయంత పెట్టె ఒకటి గాలి పీల్చి, అందులోని వాసనను సంకేతాలుగా మార్చి పంపుతుంది. ఇక్కడ డాక్టరు నుదుటికి కట్టుకున్న పట్టీ ఆ సంకేతాలను అందుకుని, కనుబొమల మధ్య నుంచి వాసన నరాన్ని తడుతుంది. అంతే, ఘాట్ రోడ్డు అవతల ఉన్న మనిషి ఊపిరి విశాఖలో తెలుస్తుంది.

మొదటిసారి పరీక్షించిన రోజున అక్కడి నర్సు పెట్టె ముందు ఏదో పెట్టింది. హైమవతి కళ్లు మూసుకుని, "బత్తాయి. తొక్క తీసింది. అక్కడెవరో సాంబ్రాణి కూడా వేశారు" అంది.

తెర మీద నర్సు నోరు వెళ్లబెట్టింది. "అమ్మో! సాంబ్రాణి బయట వరండాలోనండీ!"

ఆ రోజు కేంద్రంలో పండగే. సాయంత్రం ఇంటికి వెళ్లి కాఫీ తాగబోతే అది బత్తాయి వాసన వేసింది. ఉప్మా కూడా బత్తాయే. హైమవతి నవ్వుకుంది. పొద్దున్నకల్లా అది పోయింది.

కాని ఘ్రాణి తెచ్చిన వాసనలన్నీ బత్తాయిలు కావు. కాలు కుళ్లిన ఒక రైతును ఆ యంత్రంతోనే కాపాడింది. ఆ తర్వాత వారం రోజులు ఆమెకు ప్రపంచమంతా ఆ కాలి వాసనే. భర్త సన్యాసిరావు ఓడరేవులో ఉద్యోగి. పేరుకే సన్యాసి, తిండి దగ్గర మాత్రం మహా సంసారి. వండటం, పెట్టడం, తిన్నవాళ్ల మొహం చూసి మురిసిపోవడం ఆయన సరదా. ఆయన చేసిన పులిహోర ముద్ద ముక్కు దాకా తెచ్చి హైమవతి కంచంలో దించేసింది. ఆయన మర్నాడు పెరుగన్నం చల్లగా కలిపి, "ముక్కు మూసుకుని మింగెయ్" అన్నాడు.

వాడిన కొద్దీ వాసన నిలిచే కాలం పెరుగుతూ వచ్చింది. పురుగుల మందు మింగిన ఒక కుర్రదాన్ని బతికించాక ఆ మందు వాసన నెలలు గడిచినా పోలేదు. మాఘమాసం పెళ్లిళ్లన్నీ హైమవతికి పురుగుల మందుతోనే గడిచాయి. జాకెట్లు వదులైపోయాయి. రెహానా పరీక్షలు చేసి, తల వంచుకుని వచ్చింది.

"నరం నేర్చేసుకుంటోంది మేడమ్. చివరగా అందిన వాసనను పట్టుకుని కూర్చుంటోంది. ఈసారి పట్టుకుంటే ఇక వదలకపోవచ్చు."

నుదుటి పట్టీని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆస్పత్రుల్లోని పెట్టెలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

ఎండలు ముదిరాక ఒక పొద్దున్న హైమవతి పక్కమీంచి దిగ్గున లేచి, "ఏమండీ! పక్కింటివాళ్లు చేపలు వేయిస్తున్నారు!" అని కేక పెట్టింది. సన్యాసిరావు వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి, పక్కింటి చేపల వాసన పీలుస్తూ చిన్నపిల్లల్లా నవ్వారు.

ఆ తర్వాతి రెండు నెలలూ సన్యాసిరావు పట్టపగ్గాల్లేకుండా చెలరేగిపోయాడు. చేతులకు నూనె రాసుకుని పనసకాయ కోశాడు. జీడిమామిడి పళ్లు తెచ్చి బుట్టలో పోశాడు. తొలి వానలు పడగానే కవిటి నుంచి ఆయన చెల్లెలు మొగలిపూలు పంపింది. బట్టల పెట్టెలో, పుస్తకాల మధ్యన, బీరువాలో ఎక్కడ పడితే అక్కడ మొగలి రేకులే. హైమవతి ఇంట్లో తిరుగుతూ ఒక్కో వస్తువునూ వాసన చూసేది, పాత సబ్బు ముక్కతో సహా.

అలాంటి రోజుల్లోనే చిలకలమెట్ట ఆస్పత్రి నుంచి కాల్ వచ్చింది. అక్కడి డాక్టరు కొర్రా శాంతకుమారి. ఆ పక్క ఊళ్లోనే పుట్టి, చదువుకుని, డాక్టరుగా మళ్లీ అక్కడికే వెళ్లిన అమ్మాయి.

"మేడమ్, పుట్టి వారం దాటింది పాప. మొదట బాగానే ఉంది. తర్వాత పాలు తాగడం తగ్గించింది. ఈ పొద్దున్న మూర్ఛలు. ఊపిరి ఆగిపోతుంటే వెంటిలేటరు మీద పెట్టాను. ఇన్ఫెక్షన్ అనుకుని మందులు మొదలుపెట్టాను. ఏ మార్పూ లేదు."

తెర మీద పాప అరచేయంత ఉంది. కాళ్లూ చేతులూ గుడ్డ పీలికల్లా వాలిపోయి ఉన్నాయి.

"తల్లికి ఎన్నో కాన్పు?"

"రెండోది. మొదటి బిడ్డ కూడా ఇలాగే రెండు వారాల్లోపు ఇంట్లోనే పోయిందట. ఎందుకో ఎవరికీ తెలీదు."

"మేనరికమా?"

"అవును మేడమ్. మేనబావే."

హైమవతి కుర్చీలో ముందుకు జరిగింది. "పాప ఒంట్లోంచి వాసనేమైనా వస్తోందా?"

శాంత కాస్త తడబడింది. "వస్తోంది. తియ్యగా. కాని అది మెంతుల వాసనే మేడమ్. తల్లి రోజూ మెంతులు తింటోంది."

శాంత వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తల్లి సుభద్ర తెర దగ్గరికి వచ్చింది. ఇరవై దాటి ఉండవు. "పాలు రావట్నేదని మా అత్త సంతలో మెంతులు కొన్నాదమ్మా. నానబెట్టి రోజూ తింతన్నాను. నానేటన్నా తప్పు చేసినానా?"

"తప్పేం కాదమ్మా. అందరూ తింటారు. నువ్వు కూర్చో" అంది హైమవతి. శాంతతో మాత్రం, "ముందు పాలు ఆపెయ్. గ్లూకోజు పెట్టు" అంది.

ఆమె భయం వేరే. పాలలోని మాంసకృత్తులను కొందరు పిల్లల ఒళ్లు అరిగించుకోలేదు. తాగిన పాలే విషమై మెదడుకు ఎక్కుతాయి. ఆ పిల్లల ఒంటి నుంచి పాకం ముదిరి అంచున మాడుతున్నప్పటి వాసన వస్తుంది. ఇన్నేళ్ల వైద్యంలో ఆ వాసన ఆమె రెండే రెండుసార్లు చూసింది. రెండుసార్లూ ఆలస్యమైపోయింది.

జబ్బు అదే అయితే పాలు ఆపడం ఒక్కటే చాలదు. అప్పటికే పేరుకున్న విషాన్ని తీసెయ్యాలి. పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, శుద్ధి చేసిన ద్రవం నింపి, అది విషాన్ని పీల్చుకున్నాక బయటికి తీస్తూ ఉండాలి. జబ్బు అది కాక ఒంటి నిండా ఇన్ఫెక్షనే ఉంటే, అంత నీరసించిన పాపకు ఆ గొట్టమే ప్రాణం తీస్తుంది. రక్తం హైదరాబాదు పంపి పరీక్ష చేయిస్తే జవాబు రావడానికి రోజులు పడుతుంది. వానలకు ఘాట్ రోడ్డు మీద కొండ విరిగి పడింది. పాపను దింపడానికి దారి లేదు.

రెహానా అప్పటికే చిలకలమెట్టలోని పెట్టెను ఆన్ చేయించింది. తల్లి చేతిని ఒకసారి, పాప పొత్తిగుడ్డను ఒకసారి దాని ముందు పెట్టించి, వచ్చిన గీతలు చూసి తల అడ్డంగా ఊపింది.

"రెండింటిలోనూ ఒకే పదార్థం కనిపిస్తోంది మేడమ్. మెంతుల్లో ఉండేదీ, ఆ జబ్బులో పుట్టేదీ ఒకటే. యంత్రానికి తేడా తెలియట్లేదు."

"ముక్కుకు తెలుస్తుంది" అంది హైమవతి. "మెంతుల్లో తీపి వెనక చేదు ఉంటుంది, ఒక పచ్చి వాసన ఉంటుంది. ఆ జబ్బు వాసనలో అవి ఉండవు. పట్టీ తియ్యి."

"తియ్యను."

ఆ హాల్లో రెహానా గొంతు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. అటూ ఇటూ కూర్చున్న డాక్టర్లు తలలు తిప్పి చూశారు.

"నేను చేసిందే మిమ్మల్ని తినేస్తోంది మేడమ్. ఇంకెవరికైనా కడతాను. నాకే కట్టుకుంటాను."

"నువ్వు ఆ వాసన ఎప్పుడైనా చూశావా?"

"లేదు మేడమ్."

"ఇక్కడ గాని, అక్కడ శాంత దగ్గర గాని చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. రెహానా కళ్లు తుడుచుకుని బీరువా వైపు నడిచింది.

అది భోజనాల వేళ. రోజూలాగే సన్యాసిరావు క్యారేజీ పట్టుకుని లోపలికి వచ్చాడు. భార్య మొహం, రెహానా చేతిలోని పట్టీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చంటిపిల్లండీ" అంది హైమవతి. "ఈసారి వాసన పోదేమో అంటోంది రెహానా. ఎప్పటికీ."

ఆయన క్యారేజీ బల్ల మీద పెట్టి గబగబా గిన్నెలు విడదీసి వరసగా పేర్చాడు. "అయితే ముందు ఇవి చూడు. తినక్కర్లేదు. వాసన చూడు."

హైమవతి వంగి ఒక్కో గిన్నె మీదా ఆగింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఇంగువ పోపు వేసిన చారు. వేడి అన్నం. చివరి గిన్నెలో మీగడ పెరుగు. ఆ తర్వాత ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా మొగుడి చొక్కా భుజం మీద మొహం పెట్టి ఊపిరి గట్టిగా పీల్చింది. ఓడరేవు గాలి, చెమట, తిరగమోత కలిసిన వాసన.

"నా వంట వాసన తెలియకపోతే నీకే లాభం" అన్నాడు సన్యాసిరావు.

రెహానా పట్టీ కట్టింది. "చివరి వాసనే మిగిలిపోతుంది మేడమ్. అది గుర్తుంచుకోండి."

"అందుకే తల్లి ముందు, పిల్ల తర్వాత" అని హైమవతి తెర వైపు తిరిగింది. "శాంతా, పెట్టె తల్లి అరచేతికి దగ్గరగా పెట్టు."

వాసన వచ్చింది. తీపి. దాని వెనకే నాలుక మీద గీసినట్టు చేదు. నానబెట్టిన మెంతుల పచ్చిదనం. సందేహం లేదు, మెంతులే.

"ఇప్పుడు పాప. పొత్తిగుడ్డ కాదు, చెవి. చెవిలో గులిమి ఉంటుంది చూడు, అక్కడ పెట్టు. తల్లి తిన్నది పిల్ల ఉచ్చలోకి దిగుతుంది. చెవిలో మాత్రం పిల్ల సొంత వాసనే ఉండాలి."

శాంత పెట్టెను పాప చెవి పక్కకు చేర్చింది. హైమవతి కళ్లు మూసుకుంది. ఆమె ఇంకొకసారి పీల్చింది. మూడోసారి పీల్చింది, తొందరపడకూడదని. చేదు లేదు. పచ్చిదనం లేదు. మూకుట్లో బెల్లం ఉడికి, తీగపాకం దాటి, అంచుల్లో నల్లబడుతున్న వాసన, ఒక్కటంటే ఒక్కటే.

"పాకం" అంది హైమవతి. "శాంతా, ఇది ఇన్ఫెక్షన్ కాదు. గొట్టం వేద్దాం."

"నేనెప్పుడూ వెయ్యలేదు మేడమ్."

"నేను వేశాను. నీ చేతులు, నా కళ్లు. బొడ్డు కింద వేలు పెట్టు. ఇంకొంచెం కిందకి. అక్కడే. ఇప్పుడు మత్తు సూది."

ఆ సాయంత్రం ఆ హాల్లో ఒకే గొంతు వినిపించింది. నెమ్మది, ఆగు, ఇప్పుడు తిప్పు, బాగుంది, రక్తం రాలేదు కదా, బాగుంది. గొట్టంలోంచి మొదటి ద్రవం బయటికి జారినప్పుడు శాంత భుజాలు ఒక్కసారిగా దిగాయి. ఆ తర్వాత నింపడం, ఆగడం, తియ్యడం. శాంత అలిసిపోతే నర్సు, నర్సు అలిసిపోతే శాంత. ఇక్కడ హైమవతి కుర్చీ వదల్లేదు. సన్యాసిరావు కూడా ఇంటికి వెళ్లలేదు. హాల్లో ఉన్నవాళ్లందరికీ టీలు తెప్పిస్తూ కూర్చున్నాడు.

మూర్ఛలు మర్నాటికి తగ్గాయి. ఆ మర్నాడు పొద్దున్న శాంత తెరలోకి ఊడిపడ్డట్టు వచ్చి, "మేడమ్, చూడండి" అని పక్కకు తప్పుకుంది.

పాప కళ్లు తెరిచి ఉన్నాయి. ఒక చెయ్యి గాల్లో దేన్నో వెతుకుతోంది. సుభద్ర వేలు పెట్టగానే పిడికిలి బిగించింది. వెంటిలేటరు తీసిన రోజున పాప ఏడ్చిన ఏడుపు హాల్లోని స్పీకర్లన్నిటిలోంచీ ఒకేసారి వచ్చింది. ఎవరో శబ్దం తగ్గించబోతే ఆరుగురు డాక్టర్లు కలిసి ఆయన చెయ్యి పట్టుకున్నారు. సుభద్ర ఏడుస్తూ, నవ్వుతూ, తెర వైపు దండం పెట్టింది. "అరుత్తున్నాదమ్మా! నా పిల్ల అరుత్తున్నాది!"

విరిగిన కొండ దాటించి మనిషి చేత పంపిన రక్తానికి హైదరాబాదు నుంచి జవాబు కూడా వచ్చింది. అదే జబ్బు.

పాకం వాసన మాత్రం పోలేదు. వానలు వెళ్లాయి, చలి వచ్చింది, అది అలాగే ఉంది. హైమవతికి చేపల బజారు అరిసెల బజారయింది. మురిక్కాలవ పక్కన నడుస్తుంటే ఎవరింట్లోనో పాకం పడుతున్నట్టుండేది. సన్యాసిరావు ఒకసారి వంకాయ మాడబెట్టి బిక్కమొహం వేస్తే, "నాకైతే బొబ్బట్టులా ఉంది, ఇటు పెట్టండి" అని తినేసింది. రెహానా ఎదురుపడినప్పుడల్లా తల వంచుకుంటుంటే పట్టుకుని ఆపింది.

"నీకు తెలుసా, ఇన్ని రోగాల్లోకీ మంచి వాసన ఉన్న రోగం ఇదొక్కటే. కుళ్లిన కాలు దగ్గర ఆగిపోయి ఉంటే నా గతేమిటి?"

రెహానా నవ్వబోయి ఏడ్చేసింది.

అలాగని హైమవతికి దుఃఖం లేదని కాదు. ఆ కార్తీకంలో ఒక పొద్దున్న సన్యాసిరావు చొక్కా మడత పెడుతూ దాన్ని ముక్కుకు ఆనించుకుంది. పాకం. మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, మొహం కడుక్కుని డ్యూటీకి వెళ్లింది.

ఆ రోజే ఆమెకొక ఆలోచన వచ్చింది. ఆ వాసన తన ముక్కులో నిత్యం ఉండనే ఉంది. దానికి సరిగ్గా సరిపోయేదాన్ని కలిపి తీస్తే? రెహానా పట్టీని ఎప్పుడో విరిచి పారేసింది గాని, ఈ పనికి ఉత్సాహంగా కూర్చుంది. కలిపిన ప్రతి రసాయనాన్నీ హైమవతి ముక్కు ముందు పెట్టేది. వేరే ఏ వాసనా తెలియని ముక్కుకు ఈ ఒక్క వాసనలో మాత్రం వెంట్రుకవాసి తేడా కూడా తెలిసేది. లోపలిదీ బయటిదీ కలిసిపోతే సరి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకునేవి. "చేదు తగులుతోంది. మళ్లీ" అనేది. ఎన్నోసార్లు మళ్లీ కలిపాక ఒక రోజు రెండూ కలిసిపోయాయి. ఆ ద్రవాన్ని వేలెడంత సీసాల్లో పోసి కొండల్లోని ఆస్పత్రులన్నిటికీ పంపారు. పాడేరు వైపు ఒక నర్సు ఆ సీసా వాసన చూసి, మర్నాడే ఒక మగపిల్లాడి చెవి దగ్గర దాన్ని గుర్తుపట్టింది. ఆ పిల్లాడికి మూర్ఛ కూడా రాకముందే పాలు ఆపేశారు. ఆ కబురు విన్న రోజున సన్యాసిరావు కేంద్రమంతటికీ మాడుగుల హల్వా పంచాడు.

ఘాట్ రోడ్డు బాగయ్యాక శాంత, సుభద్ర పాపను తీసుకుని విశాఖ వచ్చారు. ప్రత్యేకమైన పాలపొడి తాగుతూ పాప బొద్దుగా తయారైంది. బుగ్గలు జారుతున్నాయి. తెర మీద అరచేయంత చూసిన పిల్ల ఒళ్లోకి వచ్చేసరికి హైమవతికి బరువు తెలిసి నవ్వొచ్చింది. పాప మాడు మీద ముక్కు పెట్టింది. పాకం వాసన. అది పిల్లదో, తనదో ఆమెకు తెలియదు.

"శాంతా, నువ్వు చూడు. వస్తోందా?"

శాంత వంగి పాప చెవి దగ్గర, మెడ మడతలో, మాడు మీద వాసన చూసింది. ఇంకోసారి చూసింది. "లేదు మేడమ్. అసలు లేదు. ఉత్త పసిపిల్ల వాసన."

"అదెలా ఉంది?"

శాంత తెల్లబోయింది. "అంటే... పసిపిల్ల వాసనేనండీ."

"నాకు తెలీదు కదే. సరిగ్గా చెప్పు."

శాంత మళ్లీ వంగింది. "పాలు పొంగబోయే ముందు ఆవిరి వస్తుంది చూడండి, అలా."

"కాదు, కాదు" అని సుభద్ర పక్కకు జరిగింది. "కొత్త బియ్యం వార్చినప్పుడు గంజి కమ్మగుంటాది కదమ్మా, అల్లాగున్నాది."

రెహానా కూడా మొహమాటంగా వచ్చి పాప బుగ్గ దగ్గర ఆగింది. "ఎండలో ఆరేసిన దుప్పటి మేడమ్. అప్పుడే తీసి మడత పెట్టింది."

సన్యాసిరావు అందరినీ పక్కకు తప్పించి, కళ్లజోడు తీసి, వంట రుచి చూసేంత శ్రద్ధగా పీల్చి, "పనస తొన. పండీ పండనిది" అని తేల్చేశాడు.

"ఏటి బాబూ, నా పిల్ల పనసపండేటి!" అని సుభద్ర పకపకా నవ్వింది. ఎవరికి వాళ్లు తమదే సరైనదని మళ్లీ వాసన చూడబోయారు. ఇన్ని మొహాలు మీదికి వస్తుంటే పాప కంగారుపడలేదు. అందరినీ వరసగా చూసి, ఎత్తుకున్న మనిషి వైపు తిరిగి, రెండు చేతులతో హైమవతి ముక్కు గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, వదులు, వదులే!" అంటోంది సుభద్ర.

"ఉండనీ" అంది హైమవతి. ముక్కు మూసుకుపోయి ఆ మాట వింతగా వచ్చింది. అది విని పాప కిలకిలా నవ్వింది.